బరువులు దించరాదు

అన్యాయం జరిగింది ఎవరికి? చీడికాడ వైపునుంచి కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని చోడవరం వచ్చి అమ్ముకునే సన్యాసమ్మకు. ఎట్లా జరిగింది? ఆమె దారిలో పూలమొక్కలు నాటడం వల్ల. పూలమొక్కలు నాటినవారిని తప్పుపట్టడం న్యాయమా అని పాఠకులు అడుగుతారు. నాటినవారు కూడా సరిగ్గా ఆ మాటే అడిగారు.

చోడవరంలో అనకాపల్లి, వడ్డాది, చీడికాడ రోడ్లు కలిసే కూడలిలో చెరకుబళ్లు రాల్చిన ఆకూ, ఎడ్లు వేసిన పేడా, వానాకాలపు బురదా ఎంతో ఐకమత్యంతో ఉండేవి. స్వరాజ్యం వచ్చి పదేళ్లు కావస్తున్నా ఆ కూడలి దాకా మాత్రం రాలేదని ప్లీడరు లక్ష్మీనరసింహంగారు ఒక సాయంకాలం గమనించి చాలా బాధపడ్డారు. ఆయనతో కలిసి బాధపడిన ఆ వీధి పెద్దమనుషులందరూ ఒక సౌందర్య సంఘమైనారు. ఆయన అధ్యక్షులు. రిజిస్ట్రారు కచేరీలో పనిచేసి రిటైరైన వేంకటరమణమూర్తిగారు కార్యదర్శి. తక్కినవారు తీర్మానాలను బలపరిచేవారు.

కూడలి నడుమ ఒక మోటు కట్టడం ఉండేది. తలెత్తున రెండు నిలువురాళ్లు, వాటిమీద అడ్డంగా ఒక బండ. బరువుతో నడిచి వచ్చినవాళ్లు నెత్తిమీద మోపును ఆ బండమీదకు జరిపి, మెడ నిమురుకుని, కాసేపు గాలి పీల్చుకుని, మళ్లీ మోపుకింద తలపెట్టి తమంత తామే ఎత్తుకుపోయేవారు. దానికి ఆకారం లేదు, చెక్కడం లేదు, చరిత్ర లేదు. కనుక అది నిరుపయోగమని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది.

నిలువురాళ్లు రెండూ సంఘం అక్కడ వేసిన పూలతోటకు గేటుస్తంభాలైనాయి. అడ్డబండ అనకాపల్లినుంచి తెప్పించిన సిమెంటు కొంగకు పీఠమైంది. కొంగ ముక్కునుంచి నీరు చిమ్మాలి. ఊళ్లో కుళాయిలు లేవు గనుక, ముఖ్యమైన రోజులలో వెనకనుంచి ఒక మనిషి కుండతో పోసేటట్టు ఏర్పాటు చేశారు. చుట్టూ క్రోటన్లు, బంతిమొక్కలు, సున్నం కొట్టిన ఇటుకలు. అన్నిటికీ ముందు ఒక పలక: “ఇచ్చట ఉమ్మరాదు. బరువులు దించరాదు. అందమును చూడవలెను.”

ఇక్కడ ఆ పక్క ఊళ్ల మర్యాద ఒకటి చెప్పాలి. నెత్తిన బరువున్న మనిషి “ఓ చెయ్యెయ్యండి” అని అడిగితే ఎవరూ కాదనరు. కోర్టులో దావా నడుస్తున్న శత్రువైనా సరే, ముందు బరువు దించి, తర్వాత వాయిదా సంగతి మాట్లాడతాడు. బండ ఉన్నంతకాలం ఆ మర్యాదతో పెద్దమనుషులకు పని పడలేదు. ఇప్పుడు బండ లేదు. కూడలిలో ఖాళీ చేతులతో నిలబడేది అందాన్ని చూసే సంఘ సభ్యులు మాత్రమే. కనుక కట్టెలవాళ్లు, గడ్డివాళ్లు, బెల్లం బుట్టలవాళ్లు వరసగా వారినే అడగసాగారు.

వారం తిరక్కుండా కార్యదర్శిగారికి నడుం పట్టేసింది. అప్పుడు అత్యవసర సమావేశంలో “సభ్యులు ఇకమీదట సౌందర్యమును కాఫీహోటలు లోపలినుండి వీక్షింతురు గాక” అని తీర్మానించారు. అధ్యక్షులవారు కూడలి దాటవలసి వస్తే, ఎండ ఉన్నా లేకున్నా, గొడుగు ముఖానికి అడ్డంగా వాల్చి నడిచేవారు.

ఆయన గొడుగు ముఖ్యంగా సన్యాసమ్మ కోసం. ఒకప్పుడు ఆయన తల్లి మంగాయమ్మ, మొగుడు పోయాక, ఊరి చివర వంగతోట వేసి, వంకాయల గంప నెత్తిన పెట్టుకుని వడ్డాది సంతకు నడిచి కొడుకును చదివించింది. తోటలో ఆ గంపను రోజూ ఆమె నెత్తికెత్తింది పక్కచేనిలో పనిచేసే సన్యాసమ్మ. “మా నరసింహం పెద్దోడైతే నీ బరువు ఆడే ఎత్తుతాడే గుంటా” అని మంగాయమ్మ అనేది. ప్లీడరుగారు సభలలో తన స్వయంకృషిని గురించి చాలాసార్లు చెప్పారు. వంకాయలకు అందులో చోటు దొరకలేదు.

ఇటు సన్యాసమ్మకు మెడ వాచింది. కొండదగ్గర ఎత్తుకున్న మోపును చోడవరం బజారు దాకా దించకుండా మోయడం ఆ వయసులో ఆమెవల్ల కాలేదు. మోపు సగం చేసుకుంది. సగం మోపుకు సగం గంజే వచ్చింది. ఆకలేసిన రోజున మళ్లీ నిండుమోపు ఎత్తుకుంది.

ఆ రోజే తోట ప్రారంభోత్సవం. జిల్లానుంచి పెద్ద అధికారి వచ్చారు. ఆడవాళ్ల వరసలో ముందుకుర్చీలో మంగాయమ్మను కూర్చోబెట్టారు, ఏమీ మాట్లాడవద్దని ముందే బతిమాలి. కొంగ వెనక కుండమనిషి సిద్ధంగా ఉన్నాడు. అధ్యక్షులవారు లేచారు.

“సోదర సోదరీమణులారా! మన తల్లులు బరువులు మోసిన చీకటిదినములు గతించినవి. నేడు ఈ కూడలిలో బరువన్న మాటే వినబడదు.”

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోంచి, తోరణాల తాడు కిందనుంచి వంగి, నిండుమోపు ముందుకు వచ్చింది. దానికింద సన్యాసమ్మ.

“నర్సింవం బాబూ, ఓ సెయ్యెయ్యి. నిలబళ్లేకపోతన్నాను.”

గొడుగు కుర్చీకి ఆనించి ఉంది. చేతికి అందేంత దూరంలో లేదు. ప్లీడరుగారు కార్యదర్శివైపు చూశారు. కార్యదర్శి తన నడుంవైపు చూసుకున్నారు.

“ఎత్తరా,” అంది మంగాయమ్మ కుర్చీలోంచే. “దానికి నేను మాటిచ్చేను. నువ్వు కాపోతే ఎవులు తీరుస్తారు?”

ఆయన వేదిక దిగి మోపు దించారు. జరీ ఉత్తరీయానికి బెరడు అంటుకుంది. అధికారి చాలాసేపు ప్రసంగించారు. సన్యాసమ్మ క్రోటన్ల పక్కన కూర్చుని అంతా విన్నది. జాతీయగీతం అయ్యాక లేచి మళ్లీ ఆయనవైపు చూసింది. ఆయన మోపును మళ్లీ ఆమె నెత్తికెత్తారు.

“అమ్మ మాట తీరిపోనాది గదా,” అన్నారు రొప్పుతూ, కోర్టు భాష మరిచిపోయి.

“ఏటి తీరడం బాబూ? మీ యమ్మ గంప రోజూ ఎత్తేను. ఇయాల్టికిది ఒకటి. రేపొస్తాను.”

ప్లీడరుగారు ఆ రాత్రి తాను చదువుకున్న ఏళ్లన్నీ తలుచుకున్నారు. చదువు ఎంత సుదీర్ఘమైనదో ఆయనకు మొదటిసారి తెలిసింది. తెల్లవారగానే సొంత ఖర్చుతో కూలీలను పెట్టి, కొంగను పెకలించి తమ పెరటికి తరలించి, గేటుస్తంభాలు ఊడదీసి, బండను మునుపటి చోటే, మునుపటి ఎత్తునే నిలబెట్టించారు. సన్యాసమ్మ వచ్చి, మోపు దానిమీదకు జరిపి, మెడ నిమురుకుంది. మళ్లీ తనంత తానే ఎత్తుకుంది.

“ఇప్పుడు సెల్లిపోనాది బాబూ,” అంది. “ఇంక మీరు గొడుగేసుకోనక్కర్లేదు.”

సంఘం ఆ బండకు సున్నం కొట్టి, దానిని నూతన నిర్మాణంగా ప్రకటించి, అధ్యక్షులవారి పేరు చెక్కించింది. మొదటి బండను ఎవరు నిలబెట్టారో ఎవరికీ తెలియదు. ఆ నిలబెట్టినవాడూ ఏ గంప ఎత్తిన చేతికో బాకీపడి, రోజూ ఎత్తవలసివస్తుందన్న భయంతోనే నిలబెట్టి ఉంటాడు. ఏమైనా, బాకీ అణాపైసలతో తీరింది. ఇప్పుడు చోడవరం కూడలిలో ఎవరూ ఎవరికీ చెయ్యి వేయనక్కర్లేదు. ఆ పనికి ఒక రాయి ఉంది. పెద్దమనుషులందరూ హోటలు బయటికి వచ్చి, మునుపటిలాగే ఖాళీ చేతులతో నిలబడి, అందాన్ని చూస్తున్నారు.