చంద్రమౌళి గుమ్మం ముందు ఆగిన జీపు

ఆ ఉదయం సింహాచలం పెట్టుకున్న పని ఒక్కటే. జీపు కడిగి, బంతిపూల దండలు కట్టి, సాయంత్రానికి డీజిల్ షెడ్ గేటు దగ్గర నిలబెట్టాలి. షెడ్‌లో తనతో పనిచేసే పోలయ్య ఆ రోజు రిటైరవుతున్నాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రిటైరైన మనిషి ఊరికే నడిచి ఇంటికి పోవడం ఉండదు. ముందు బాజాలు మోగుతుంటే, మెడ నిండా దండలతో జీపులో నిలబడి, కనబడ్డ వాళ్లందరికీ చేతులు జోడిస్తూ క్వార్టర్ చేరాలి.

సింహాచలానిది మిలటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న పాత పెట్రోలు జీపు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. పెట్రోలు ఎంతుందో చూడాలంటే లేచి, సీటెత్తి, మూత తీసి, పుల్ల ముంచాలి. బండి ముసలిదే గాని ఎన్నడూ పరువు తియ్యలేదు. ఆ మధ్యనే దానికి కొత్త జబ్బు పట్టుకుంది. బాగా నడుస్తూ నడుస్తూ, ఎవరో పీక నొక్కినట్టు దగ్గి ఆగిపోయేది. సింహాచలం మూత తీసి చూస్తే పెట్రోలు ఉండేది. మూత పెట్టి, బానెట్ ఎత్తి, ఏదో ఒకటి కదిపేవాడు. బండి స్టార్టయ్యేది. ఏది కదిపితే అందులోనే జబ్బుందనుకునేవాడు. ఆ లెక్కన ప్లగ్గులు, పాయింట్లు, కాయిలు వరసగా దోషులయ్యాయి. రైలింజను చప్పుడు విని దాని రోగం చెప్పగల షెడ్ మనిషికి సొంత బండి అంతుపట్టకపోవడం ఎంత నామోషీ. అందుకే ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బండి బాగుందా అని భార్య అప్పలనర్సమ్మ అడిగితే, నిన్ననే కార్బురేటర్ కడిగాను, ఇంక ఢోకా లేదన్నాడు.

జీపెక్కేముందు పోలయ్య ఒక్క షరతు పెట్టాడు.

"సింహాచలం, ఏ వీధిలోంచైనా తీసుకెళ్లు. చంద్రమౌళి ఉన్న వీధిలోంచి మాత్రం వద్దు."

చంద్రమౌళి గూడ్సు గార్డు. ఒకప్పుడు ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. బావా అంటే బావా అనుకునేవారు. చంద్రమౌళి పెరట్లో మునగచెట్టు కొమ్మ గోడ దాటి పోలయ్య వైపు కాసింది. కాయలెవరివన్న దగ్గర మాటా మాటా పెరిగింది. కొమ్మను పోలయ్య కొట్టేశాడు, చెట్టును చంద్రమౌళి కొట్టేసి వేరే వీధిలో క్వార్టర్ మార్పించుకున్నాడు. అప్పటినుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఊరేగింపు బయలుదేరింది. హనుమాన్ మందిరం ముందు జీపు దగ్గి ఆగింది. దండం పెట్టుకోవడానికే ఆపారని జనం అనుకున్నారు. పూజారి వచ్చి పోలయ్యకు బొట్టు పెట్టాడు. ఈలోగా సింహాచలం సీటెత్తి, పెట్రోలు చూసి, పాయింట్లు గోకాడు. బాజాల హోరులో బండి కదిలింది.

రెండోసారి సారా దుకాణం ముందు ఆగింది. బాజావాళ్లు దాన్ని తమకిచ్చిన సైగగా తీసుకుని అరగంట లోపలికి మాయమయ్యారు. జన్మలో చుక్క ముట్టని పోలయ్య సారా దుకాణం ఎదుట చేతులు జోడించి నిలబడితే, లోపలినుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆయన్ని కావలించుకుని దీవించారు. ఆ తర్వాత బాజాల తీరు మారింది. తాళం ఎటు పోతున్నా హుషారు మాత్రం రెట్టింపైంది.

ఆ ముందు రోడ్డు పైపుల కోసం తవ్వేసి ఉంది. మిగిలింది చంద్రమౌళి వీధి ఒక్కటే. ఇంటి దగ్గర హారతి పళ్లెంతో ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. పోలయ్య పళ్లు బిగించి, ఆపకుండా పోనిమ్మన్నాడు. సింహాచలం గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాడు. జీపు ఉరికి, సరిగ్గా చంద్రమౌళి గుమ్మం ముందు దగ్గి ఆగింది.

"కా హోగే?" అని బాజామేస్త్రీ అడిగాడు. ఏమైందో ఎవరూ చెప్పకపోయేసరికి, ఇది ముఖ్యమైన చోటేనని ఖాయం చేసుకుని మనుషులందరిచేతా ప్రాణం పెట్టి వాయించాడు.

రాత్రి డ్యూటీకి గడ్డం గీసుకుంటున్న చంద్రమౌళి సగం మొహం సబ్బు నురగతో బయటికొచ్చాడు.

"ఎల్లిపోయే రోజున కూడా నా గుమ్మం ముందు బాజాలు కొట్టించి పోదామనొచ్చాడేటి?"

బండి చెడిందని ఒక్కమాట అంటే సరిపోయేది. కాని ఇంతమంది షెడ్ వాళ్ల ముందు ఆ మాట అనడానికి సింహాచలానికి నోరు రాలేదు.

"అది కాదన్నా, పోలయ్యన్నే ఇక్కడ ఆపమన్నాడు," అన్నాడు.

బాజాలు ఆగిపోయాయి. పోలయ్య సింహాచలం వైపు చూసిన చూపుకి పూలదండలు వాడిపోవాలి. చంద్రమౌళి మాత్రం గడ్డం కత్తి పట్టుకున్న చెయ్యి దించేశాడు.

"నిజమేనా బావా?"

ఆ పిలుపు విని పోలయ్యకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"క్వార్టర్ ఖాళీ చేసి మోప్కాలో సొంతింటికి ఎల్లిపోతన్నాను. నీకు సెప్పకుండా ఎలాగెల్తాను?"

బాజాలు ఆగిన ఆ నిశ్శబ్దంలో, ఎవరి కంటా పడకుండా ఉందామని సింహాచలం సీటెత్తి ట్యాంకు మూత తిప్పాడు. సుయ్యిమని లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడైంది. ఇన్నాళ్లూ బజారు గోలలోనో బాజాల మోతలోనో వినబడనిది ఇప్పుడు స్పష్టంగా వినబడింది. మూత తిరగేశాడు. కింద సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద ప్లాస్టిక్ కాగితం, గాలి చొరబడకుండా బిగించి ఉన్నాయి. గాలి ఆడకపోతే పెట్రోలు ఇంజనుకి పోదు. తను మూత తీసినప్పుడల్లా బండి ఊపిరి పీల్చుకుని లేచేది. పాపం, పాయింట్ల తప్పేమీ లేదు.

రబ్బరు జేబులో కుక్కుకుని తలెత్తేసరికి, బావలిద్దరూ కావలించుకుని ఉన్నారు. పోలయ్య భుజమంతా సబ్బు నురగే. చంద్రమౌళి సగం గడ్డంతోనే జీపెక్కి పక్కన నిలబడ్డాడు. బండి మళ్లీ దగ్గకుండా హారతి పళ్లెం దాకా వెళ్లింది.

ఇంటికొచ్చి రబ్బరు ముక్క చూపిస్తే అప్పలనర్సమ్మ సంబరపడింది.

"నానే ఏశాను. పక్కన కూకుంటే సీరంతా పెట్రోలు కంపు. ఇప్పుడు వాసన రాటం లేదు, సూశావా?"

మర్నాడు షెడ్డంతా ఒకటే మాట. సింహాచలం కావాలనే జీపు ఆపి విడిపోయిన మనుషుల్ని కలిపాడట. మొదట కాదన్నాడు. టీ పోయించి మరీ పొగిడితే ఊరుకున్నాడు.

తర్వాత రిటైరైంది సన్యాసిరావు. ఆయనకు తమ్ముడు సూర్యంతో మాటల్లేవు. సూర్యం ఇంటిమీదుగా తీసుకెళ్లమని మాత్రం అడిగాడు. మిగతాది జీపే చూసుకుంటుందని ఆయన నమ్మకం. అక్కడ సూర్యం కూడా చేతిలో దండతో గుమ్మంలో నిలబడ్డాడు. సింహాచలం చెవి ఇంజను మీదే ఉంది. ఒక్క దగ్గు లేదు, ఒక్క కుదుపు లేదు. ఆ ఆనందంలో సూర్యం గుమ్మమూ దండా ఎప్పుడు వెనకబడ్డాయో గమనించలేదు.

క్వార్టర్ ముందు దించి, బండి ఎలా నడిచిందన్నా అని అడిగాడు. సన్యాసిరావు అప్పటినుంచీ సింహాచలంతో మాట్లాడడం లేదు.