కింది కన్నం, పై కన్నం

టైలరు మాస్టారికి ఆ పొద్దున ఒకే ఒక్క పని. ఎనిమిది గంటలకు భార్యకు ఫోన్ చేసి, "వచ్చెయ్, నువ్వు లేకుండా నావల్ల కావడం లేదు" అని చెప్పాలి. ఇరవై రెండేళ్ల కాపురంలో అలాంటి మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు. మనిషి మంచివారే గానీ కాలరెంత, నడుమెంత అన్న మాటలు దాటితే మాట పెగలదు. అందుకే అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు వల్లె వేసుకున్నారు.

ఆవిడ నర్సు. మూడు నెలల శిక్షణకని దూరాన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లింది. పనిమంతురాలని చూసి, వాళ్లు మరో రెండేళ్లు ఉండమన్నారు. ఉంటుందో లేదో ఈ మధ్యాహ్నం పన్నెండులోగా సంతకం పెట్టి చెప్పాలి. "మీరేమంటారండీ?" అని ఆవిడ వారం రోజులుగా అడుగుతూనే ఉంది. "నీ ఇష్టం" అని ఈయన వారం రోజులుగా అంటూనే ఉన్నారు. అనేసి, ఇంట్లోకి వెళ్లి, ఆమె వదిలి వెళ్లిన దువ్వెనను ఉన్నచోటి నుంచి కదపకుండా దాని చుట్టూ దుమ్ము తుడుస్తున్నారు.

ఇంత ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు గొంతు స్పష్టంగా వినపడొద్దూ? ఫోన్ తిప్పి చూస్తే కింది అంచున ఉన్న చిన్న కన్నంలో బట్టల నూగు పేరుకుని ఉంది. మాస్టారి వైద్యంలో ఏ కన్నం మూసుకుపోయినా మందు ఒక్కటే. మిషన్‌కు నూనె వేసే కన్నాన్ని ముప్పై ఏళ్లుగా సూదితోనే బాగుచేస్తున్నారాయె! సన్నసూది తీసి, కన్నంలో దూర్చి, రెండు తిప్పులు తిప్పారు. లోపల ఏదో 'టిక్' మంది. హమ్మయ్య, మురికి వదిలిందనుకున్నారు.

ఎనిమిదింటికి ఫోన్ కలిసింది.

"హలో, ఏవండీ?"

"ఇదిగో... వచ్చెయ్. నువ్వు లేకుండా నావల్ల కావడం లేదు."

"హలో? మాట్లాడరేం?"

"మాట్లాడుతున్నానుగా! వచ్చెయ్ అంటున్నా!"

"హలో?"

మాస్టారు గొంతు పెంచారు. నాలుగోసారికి కొట్టు గుమ్మంలోకి వచ్చారు. ఆరోసారికి నడివీధిలో నిలబడి, "నువ్వు లేకుండా నావల్ల కావడం లేదే!" అని గావుకేక పెట్టారు. పక్క కొట్టులోని ఇస్త్రీ పెద్దమ్మ పెట్టె నిలబెట్టి మరీ విన్నది.

"కోపమైతే కోపమని చెప్పాలి గానీ ఇలా నోరు కుట్టేసుకుంటారా?" అంది అవతలి గొంతు, వణుకుతూ. "నా అవసరం లేనప్పుడు వచ్చి మాత్రం ఏం చేస్తాను? సంతకం పెట్టేస్తాలెండి." ఫోన్ కట్ అయింది.

ఇస్త్రీ పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో, మాస్టారిని భార్య వదిలేసి పోయిందట అన్నారు. అరగంటలో, మాస్టారు కొట్టు మూసేస్తున్నారట అన్నారు. ఇంకేముంది, బట్టలిచ్చిన వాళ్లంతా వచ్చిపడి ఎవరివి వాళ్లు లాక్కోవడం మొదలుపెట్టారు. ఒకాయన ఒక్క చెయ్యే కుట్టిన చొక్కా పట్టుకుని పరుగెత్తాడు.

బస్సు డ్రైవరైన బావమరిదికీ కబురందింది. జనంతో సహా బస్సును కొట్టు ముందు ఆపి దూకాడు.

"బావా! అక్క ఏమందీ?"

"ఏమీ అనలేదురా. నా మాట దానికి వినపడలేదు, అంతే."

"వినపడలేదా? ఉండు, నేను వినిపిస్తా!" తన ఫోన్ తీసి, మాస్టారు చెయ్యి చాపుతున్నా ఇవ్వకుండా విరుచుకుపడ్డాడు. "అక్కా! బావని నడివీధిలో ఏడిపిస్తావా?"

"పలకనిది ఆయనైతే నన్నంటావేంట్రా? పోండి, ఇద్దరికిద్దరూ!" ఆవిడ ఫోన్ ఆపేసి శిక్షణ తరగతిలోకి వెళ్లిపోయింది. ఇక్కడ బస్సులోవాళ్లు హారన్ మోగించడంతో బావమరిదీ వెళ్లిపోయాడు.

మాస్టారు ఫోన్ పట్టుకుని వీధి చివరికి పరుగెత్తితే, అక్కడ ఫోన్లు బాగుచేసే అమ్మాయి భూతద్దం పెట్టి కింది కన్నం చూసింది.

"సూది పెట్టారా మాస్టారూ?"

"పెట్టానమ్మా."

"అది ఫోన్ చెవి! లోపల ఆవగింజంత మైకు ఉంటుంది. అందులో ఉల్లిపొర కన్నా పల్చటి పొర. మన మాటకి అది వణికితే, ఆ వణుకునే ఫోన్ కరెంటుగా మార్చి పంపుతుంది. మీరు దాన్ని పొడిచేశారు. కొత్తది రేపు గానీ రాదు."

"రేపా? పన్నెండు దాటితే నా బతుకు బస్టాండే తల్లీ!"

"కంగారు పడకండి. పైన ఇంకో మైకుంది. కాల్‌లో ఉన్నప్పుడు చుట్టుపక్కల రొద వినడం దాని పని. అది విన్నదాన్ని ఫోన్ మీ మాటలోంచి తీసేస్తుంది. ఇన్నాళ్లూ మీ మిషన్ చప్పుడు అమ్మగారికి వినపడలేదంటే దాని చలవే. వీడియో తీస్తే మాత్రం మీ ఫోన్ పై మైకుతోనే వింటుంది. వేరే ఫోన్‌తో చేద్దామన్నా అమ్మగారు ఫోన్ ఆపేశారాయె. చెప్పాల్సింది వీడియోలో చెప్పి పంపండి, తెరవగానే చూస్తారు."

పదకొండున్నరకు మాస్టారు ఫోన్‌ను మిషన్ తలకు ఆనించి నిలబెట్టారు. ఊరికే కూర్చుంటే నోరు రాదు. అలవాటు కొద్దీ కాళ్లు తొక్కడం మొదలుపెట్టాయి. అప్పుడు మెల్లగా అన్నీ చెప్పారు. దువ్వెన సంగతి చెప్పారు. పొద్దున్నే ఇంకా రెండు గ్లాసుల టీ పెడుతున్న సంగతి చెప్పారు. రెండోది చల్లారేదాకా చూస్తూ కూర్చుంటున్నానని చెప్పారు. సిగ్గేసి, మళ్లీ వినకుండానే పంపేశారు.

పన్నెండూ పదికి ఫోన్ మోగింది.

"మీరు పలకరని తెలుసు, నేనే చెబుతా. వీడియోలో మీ మాట ఒక్క ముక్కా వినపడలేదండీ. అంతా మిషన్ చప్పుడే."

మాస్టారు గోడ గడియారం వంక చూశారు, పన్నెండు దాటేసింది.

"మూడు నెలలైంది ఆ చప్పుడు విని. నాకిక్కడ నిద్రెందుకు పట్టడం లేదో ఇప్పుడు తెలిసింది. నాలుగుసార్లు విన్నాను, ఐదోసారికి ఏడుపొచ్చేసింది. ఉండనని రాసిచ్చేశా. ఆదివారం వచ్చేస్తున్నా." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఇంతకీ పెదాలు కదులుతున్నాయి, ఏమన్నారండీ?"

"ఏమీ లేదు" అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ. ఆ మాటా ఆవిడకు వినపడలేదు.

మాస్టారు ఆ పొద్దున ఏమన్నారో ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. తెలియనిది ఇప్పటికీ ఆవిడొక్కర్తికే.