తాత పోయిన పాట

ఆ రోజు ఉదయం దీపికకు కావలసింది ఒక్కటే: నిశ్శబ్దం. గజపతినగరం బజారులో, అదీ పప్పుల కొట్టులో కూర్చుని నిశ్శబ్దం కావాలనే మనిషిని ఏమనాలో మీరే అనుకోండి. కానీ పిల్లకు వేరే దారి లేదు. తనే రాసి, తనే పాడే జానపద పాటలతో ఆల్బం చేస్తానంటే విశాఖపట్నంలో ఆల్బంలు తీసే ప్రదీప్ అనే ఆయన సరేనన్నాడు. "తబలా వద్దు, కీబోర్డు వద్దు, స్టూడియో అసలే వద్దు. ఉత్త గొంతు, పచ్చిగా ఉండాలి. సాయంత్రానికి ఒక పాట పంపండి. నచ్చకపోతే ఇంక అడగొద్దు" అన్నాడు. అది కుదరకపోతే సోమవారం నుంచి బి.ఎడ్. కోచింగే అని తండ్రి ధర్మారావు ముందే చెప్పి ఉంచాడు.

పాటేమో, తాత పోతే మనవరాలు శోకాలు పెట్టే పాట. తాత జగన్నాధం నిక్షేపంగా ఉన్నాడు కాబట్టి ఆయన ఎదుట అది పాడటం బాగుండదని, పొద్దున్నే రామతీర్థం దర్శనానికి బస్సెక్కించింది.

"నాన్నా, షట్టరు సగం దించీ. మొత్తం దించితే ఉడికిపోతాం."

"పట్టపగలు సగం దించకూడదే గుంటా! సూసినోలు ఏటనుకుంటారు?"

"ఏటీ అనుకోరు. నీ ఫోను కూడా ఆపీ. ఆ బస్తా మీద కూకో. దగ్గకు."

ధర్మారావు ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటూ కూర్చున్నాడు.

ఆ బజారులో వ్యాపారులకు ఒక కట్టుబాటుంది. ఇంట్లో మనిషి పోతే కొట్టు షట్టరు సగం దించుతారు. అది చూసి మిగతా వాళ్ళంతా కొట్లు మూసేస్తారు. ఎదుటి బట్టల కొట్టు నరసింగరావు షట్టరు చూశాడు. తొందరపడే మనిషి కాదు కాబట్టి ధర్మారావుకు ఫోన్ చేశాడు. అది ఆపేసి ఉంది. రోజూ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే జగన్నాధం కనబడలేదు. లోపలి నుంచి మాత్రం "నన్నొగ్గేసి ఎల్లిపోనావా తాతా" అని ఆడపిల్ల గొంతు వస్తోంది. ఇంకేం కావాలి?

"అయ్యో, పెద్దాయన పోనాడ్రా!" అంటూ నరసింగరావు తన కొట్టు మూశాడు. పక్కవాళ్ళు, ఆ పక్కవాళ్ళు మూశారు. కాసేపటికి బజారులో ఒక్క హారన్ కూడా మోగలేదు.

అప్పటిదాకా హారన్ల దెబ్బకు పాడిందే పాడుతున్న దీపికకు ప్రాణం లేచొచ్చింది. "దేవుడున్నాడు నాన్నా!" అంది. ధర్మారావు మాత్రం చెవులు రిక్కించాడు. సంతరోజున బజారు అంత నెమ్మదిగా ఉండటం ఆయన ఎన్నడూ ఎరగడు. ఏదో అయిందని చెప్పబోతే కూతురు నోటి మీద వేలు పెట్టి, తన ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, మళ్ళీ పాట ఎత్తుకుంది.

రెండో చరణంలో ఉండగా షట్టరు దడేల్మని పైకి లేచింది. మేనత్త జగ్గమ్మ! పక్క వీధే అయినా, కొడుకు పెళ్ళికి పెరుగు పంపుతానన్న తండ్రి పంపలేదని అలిగి ఏడాదిగా ఆ గుమ్మం తొక్కని మనిషి. వస్తూనే బస్తాల మధ్య కూలబడింది.

"ఓ నాయనో! పెరుగు కాడ పంతం పట్టినాను నాయనో! ఇంత దగ్గరుండి నీ మొకం సూడనేదు నాయనో! ఇంక నానెవులితో తగువాడేది నాయనో!"

ఆమె వెనక బజారంతా దండలతో నిలబడి ఉంది. చెల్లెలి ఏడుపు చూసి, రామతీర్థంలోనే తండ్రికి ఏదో అయిపోయిందనుకుని ధర్మారావు కూడా భోరుమన్నాడు. ఈ పాట ఎందుకు రాశానురా భగవంతుడా, నా పాటే తాతను మింగేసిందని దీపిక తల బాదుకుంది. ఫోన్‌లో రికార్డింగ్ ఆపాలన్న ధ్యాస ఎవరికుంటుంది?

జనం వెనక నుంచి బొంగురుగొంతు ఒకటి వినిపించింది.

"ఒసే జగ్గీ! పెరుగు పంపినానే! దారిలో ఆటో బోల్తా పడిపోతే నానేటి సేసేది?"

ప్రసాదం పొట్లంతో జగన్నాధం నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. జగ్గమ్మ కెవ్వుమంది, ఒక్క ఉదుటున వెళ్ళి తండ్రిని కావలించుకుంది, వెంటనే, "అయితే ఆ మాట అప్పుడే సెప్పడానికేటి రోగం?" అని తగువు మొదలెట్టింది.

బతికున్న మనిషిని చూడటానికి సాయంత్రం దాకా జనం వస్తూనే ఉన్నారు. మళ్ళీ పాడటం వీలుపడలేదు. గడువు దాటిపోతోందని దీపిక ఉన్నదున్నట్టు పంపేసి, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ప్రదీప్ ఫోన్ చేశాడు.

"మధ్యలో అందుకున్న ఆ పెద్దావిడ ఎవరండీ? ఒళ్ళు జలదరించింది! ఆల్బం మొదటి పాట అదే. మీది మాత్రం పరీక్షకు బట్టీపట్టి అప్పజెప్పినట్టుంది, తీసేద్దాం."

దీపిక ఫోన్ పక్కన పెట్టింది. శనగల బస్తా మీద బోర్లా పడి, రాగం లేకుండా, తాళం లేకుండా, ముక్కు కారుతుండగా వెక్కివెక్కి ఏడ్చింది. జగ్గమ్మ అనుభవం ఉన్న మనిషిలా కాసేపు తల ఊపుతూ విని, ఫోన్ మీద రికార్డింగ్ ఎర్ర బొత్తాం నొక్కింది.

"ఆపకే గుంటా. ఇప్పుడు బాగా వస్తన్నాది."

ఆల్బంలో జనానికి అన్నిటికంటే నచ్చింది రెండో పాటగా పెట్టిన ఆ ఏడుపే. దాని కింద 'రచన: దీపిక' అని వేశారు గానీ, అందులో మాట ఒక్కటీ లేదు.