నలభై ఒకటో ఎర్రదారం

మెకాంగ్ నదికి ఇవతలి గట్టువాళ్లది పరుగెత్తే బుద్ధి అనీ, అవతలి గట్టువాళ్లది కూర్చునే బుద్ధి అనీ మా ఉప జిల్లాధికారి ప్రమోత్‌గారు శనివారం సంతలో మైకు పెట్టి ప్రకటించారు. ఇంత పెద్ద సంగతి తెలియకుండా ముప్పై ఏళ్లుగా ఈ రేవులో ఎలా వ్యాపారం చేశానా అని సిగ్గుపడ్డాను.

"మన థాయ్‌లాండ్‌ను ఏ తెల్లవాడూ ఏలలేదు. అందుకే మనకు చురుకు. ఎదురుగా లావోస్‌ను ఫ్రెంచివాళ్లు అరవై ఏళ్లు ఏలారు. అందుకే వాళ్లకు బద్ధకం. చరిత్ర అంటే ఇదీ!" అన్నారాయన.

మా తాత ఇవతలే పుట్టి, ఎనభై ఏళ్లు ఊయల దిగలేదు. మా అమ్మమ్మ అవతలి నుంచి కాపురానికి వచ్చి ఆయన్నీ, తొమ్మిదిమంది పిల్లల్నీ పోషించింది. పాపం, చదువు లేదు. ఎవరిది ఏ బుద్ధో వాళ్లకు తెలియదు.

బుద్ధులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని ప్రమోత్‌గారి భయం. మూడు రోజుల పరిశీలనలో తేడా తేలితే సరే, తేలకపోతే అంటు మొదలైనట్టే, రేవు శాశ్వతంగా మూసేస్తామన్నారు. నేను అమ్మే జిగురన్నం బుట్టలకు వెదురు అటు నుంచే రావాలి. కొనేవాళ్లలో సగం అటువాళ్లే. రేవు పోతే నాకు మిగిలేది నదిగాలి.

అయితే ఎవరు ఎటువాళ్లో పోల్చడం ఎలా? మొహం ఒకటే, మాట ఒకటే, తినే అన్నం ఒకటే. కాగితం బిళ్లలు పంచితే మిరపకాయలు పొట్లం కట్టుకున్నారు. అప్పుడు ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"అటువాళ్లకు ఎర్రదారం, ఇటువాళ్లకు తెల్లదారం కట్టండి. నాలుగింటికి ఎర్రదారాలన్నీ పడవెక్కాలి. తర్వాత మూడు రోజులు రేవు బంద్."

ఆయన తెలివికి దణ్ణం పెట్టాలి. మణికట్టుకు దారం కడితే ఒంట్లోని ముప్పై రెండు ప్రాణాలూ చెదరకుండా ఉంటాయని మా నమ్మకం. మూడు రోజులదాకా మాలో ఎవరూ తెంపరు. కాకపోతే దారం కట్ట కనబడితే రెండు గట్లవాళ్లూ చేతులు కట్టుకుని కూర్చోరు. దొరికినవాడి చేతికల్లా కట్టి దీవిస్తారు. ఆయన రాజధానిలో పెరిగిన మనిషి. నన్ను అడిగితే చెప్పేదాన్ని.

అవతలి నుంచి ఎండుచేపలు తెచ్చే బువాలై అవ్వ ముందు ఆయన్నే పట్టుకుంది. "చెయ్యి ఇటివ్వు నాయనా. పెద్ద ఉద్యోగం రావాలి నీకు." ఆయన ఫోటోకు నవ్వుతూ చెయ్యిచ్చారు. అవ్వ దగ్గర ఉన్నది ఎర్రదారం.

నాలుగయింది. రేవు కాపలాదారు థోంగ్డీ ఆయనకు పడవ చూపించాడు. "ఎక్కండి సార్."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. ఆర్డరు మీద సంతకం మీదే. ఎర్రదారం అని రాశారు. ఎవరి చెయ్యో రాయలేదు."

"కత్తెర తెండి!"

"తెంపు నాయనా," అంది అవ్వ, చేపలు సర్దుకుంటూ. "ప్రమోషన్ల లిస్టు ఎప్పుడన్నావు?"

"మంగళవారం."

"దారం గడువూ ఆవేళే తీరుతుంది. ముందే తెంపితే ప్రాణం జడుసుకుని పారిపోతుంది. అయినా చదువుకున్నవాడివి, నీ ఇష్టం."

ప్రమోత్‌గారు కత్తెర తిరిగిచ్చేశారు. "చట్టం ముందు నేనూ ఒకణ్ణే," అని ప్రకటించి పడవెక్కారు. వెనకే మా గట్టువాళ్లు పదిమంది, చుట్టాల్ని చూసినట్టుంటుందని, ఎర్రదారాలు చూపించుకుంటూ ఎగబడి ఎక్కారు. ఆయన గుమస్తా సుపాన్నీ ఫారాల కట్టతో చివర్న కూర్చుంది. ఒక్క ఎర్రదారాన్నీ వదలకుండా రాయాలని ఆ పిల్లకు ఆయన ఆజ్ఞ.

"మారుబట్ట లేదు కదా సార్," అని నేను నా కొట్లోంచి ఊదారంగు గళ్ల పంచె ఒకటి అందించాను. ఆ రంగు ఆరేళ్లుగా ఎవరూ ముట్టలేదు. ఆయన బేరమాడలేదు. అధికారుల్లో అలాంటివారు అరుదు.

మంగళవారం పడవలో ప్రమోత్‌గారు కాస్త ఒళ్లు చేసి తిరిగొచ్చారు. వస్తూనే మైకు అందుకున్నారు.

"తేడా తిరుగులేకుండా రుజువైంది! రేవు తెరిచే ఉంటుంది."

అందరం చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా నేనే కొట్టాను. లిస్టులో ఆయన పేరు కూడా వచ్చింది.

నివేదిక ప్రతి ఒకటి నా కొట్లో పెట్టారు. నలభై ఒకటో పేజీలో ఫోటో: ఊయలలో ఒక మనిషి, మొహం మీద టోపీ, నడుముకు ఊదారంగు గళ్ల పంచె. కింద రాత: "పదింటికి లేచును. మూడు పూటలా ఎవరో ఒకరి ఇంట తినును. మంచినీళ్లకు కూడా లేవడు."

"ఎవరమ్మాయ్ ఈయన?" అని సుపాన్నీని అడిగాను.

"నలభై ఒకటో నంబరు పిన్నీ. ఫారంలో పేరుకు గడి లేదు," అంది. "నేను అన్నీ నింపాను గానీ, ఆ చివరి గడి మాత్రం సారే స్వయంగా రాశారు."

చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు.

"చారిత్రక కారణం: అరవై ఏళ్ల ఫ్రెంచి పాలన."