తాతమ్మ కమ్మలు

"నా కమ్మలు దొరికిందాకా ఎవులూ గడప దాటడానికి నేదు," అంది తాతమ్మ, తుపాను షెల్టరు తలుపుకు అడ్డంగా కూర్చుని.

ఎదురుగా ఆమె అల్లుడు కూర్మయ్య భుజాన తాడుతో నిలబడ్డాడు. అది తిత్లీ తుపాను వచ్చిన తెల్లవారుజాము. ఆ ఉదయం గురించి ఆ ఊళ్లో ఇప్పటికీ ఒకరు మొదలుపెడితే నలుగురు పూర్తి చేస్తారు. కొబ్బరిచెట్లను విరిచేసిన గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒడ్డున కట్టిన కొత్త పడవ ఏమైందో చూసి రావాలని కూర్మయ్య తొందర.

ఇమ్మానుయేలు మాస్టారు మూడుసార్లు చెప్పారు. వెచ్చటి సముద్రం మీద ఆవిరి పైకి లేస్తే చుట్టూ ఉన్న గాలి అక్కడికి పరుగెత్తి సుడి తిరుగుతుందని, ఆ సుడి నడిమధ్య మాత్రం నిశ్శబ్దమని, ఇప్పుడు తామున్నది అక్కడేనని. సగం తుపాను ఇంకా ఉంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, బయటికెళితే ప్రాణం పోతుందన్నారు.

"సుడి సంగతి తరవాత మాస్టారూ. నాకు పడవ కనబడాల," అన్నాడు కూర్మయ్య.

అప్పుడే తాతమ్మ చెవులు తడుముకుంది. రాత్రంతా పక్కన కూర్చున్నది అల్లుడేనని కూడా అంది.

ఇక కదిలితే కూర్మయ్యే దొంగ. అతను జేబులు తిరగేసి చూపించాడు. చాలక షెల్టరులో తలదాచుకున్న ఊళ్లోవాళ్లందరి మూటలూ విప్పించాడు. భారతి పోగొట్టుకున్న ఇత్తడి చెంబు హరిబాబు మూటలో బయటపడింది. తిప్పి చూస్తే దాని మీద జగ్గమ్మ పేరుంది. ముగ్గురూ మూడు వైపుల నుంచి చెంబు పట్టుకున్నారు. ఫిర్యాదు రాయమని మాస్టారిని కూర్చోబెట్టారు. ఆయన హాజరు పుస్తకం వెనక పేజీలో అంతా రాసి, దొంగ పేరు దగ్గర ఖాళీ వదిలారు.

ఆయన కలం ఆ ఖాళీ దగ్గర ఉండగానే గాలి తిరిగొచ్చింది. మాస్టారు చెప్పిన దిక్కు నుంచే.

తుపాను దాటిందని రేడియోలో విన్నాకే మాస్టారు తలుపు తీయనిచ్చారు. ఒడ్డుకెళ్లే దారి పొడుగునా కూలిన చెట్లు, కరెంటు స్తంభాలు. సరుగుడు తోటలో పడవ రెండు ముక్కలై ఉంది. కూర్మయ్య వెనక్కి వచ్చి, అత్త పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

తాతమ్మ చుట్టల సంచి విదిలించింది. చుట్టతో పాటు కమ్మలూ ఒళ్లో పడ్డాయి.

"మీ మావ సేయించినవి. పెళ్లైన నాలుగో ఏడు ఇలాగే గాలి ఆగినాది. తెప్ప సూసొస్తానన్నాడు. కాళ్లు పట్టుకుని బతిమాలినాను. ఆగనేదు."

కూర్మయ్య తల వంచుకున్నాడు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని, పుస్తకం తెరిచి, దొంగ పేరేం రాయమంటావని అడిగారు.

ఆమె చుట్ట వెలిగించుకుంది.

"తాతమ్మని రాసీ."