తాళం వేసిన హార్మోనియం

ఆ ఉదయం జగన్మోహనరావుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే బేగం బజార్ వెళ్ళి ఏడాదికి సరిపడా చింతపండు కొనాలి. తిరిగొచ్చి మజ్జిగన్నం తిని పడుకోవాలి. చింతపండు ఎలా చూసి కొనాలో ఆయనకు తెలియదు. అడుగుదామంటే భార్య పద్మగారు దసరాకు ముందే కన్నుమూశారు.

ఆయన వరండాలో మొక్కలకు నీళ్ళు పోసి, చేతులు తుడుచుకుని, సంచీ మడత పెట్టుకుంటూ ఉండగా పక్కనున్న బస్తీ సంఘం హాల్లోంచి హార్మోనియం వినిపించింది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆ హాలుకూ ఆయన వాటాకూ మధ్య ఒకటే గోడ. లెక్కల మాస్టారుగా రిటైరైనప్పటి నుంచి సంఘానికి ఆయనే సెక్రటరీ. పద్మగారు సాయంత్రాలు ఆ హాల్లోనే పిల్లలకు పాటలు నేర్పేవారు. ఆవిడ హార్మోనియాన్ని ఇంట్లో కళ్ళెదుట ఉంచుకోలేక, ఇంకొకరికి ఇవ్వలేక, మాస్టారు దాన్ని హాల్లో మూలనున్న ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆయన ముట్టలేదు కాబట్టి ఇంకెవరూ ముట్టకూడదు.

అందుకే మృదుల వేసవి శిబిరానికి హాలు అడగడానికి వచ్చినప్పుడు ఆయన ఒకే షరతు పెట్టారు. హాల్లో వాద్యం మోగకూడదు. మోగితే ఆ పూటే ఖాళీ చేయాలి. మృదుల సంతోషంగా ఒప్పుకుంది. ఆమె, ఆమె తమ్ముడు రవికిరణ్ నేర్పేది వాద్యాలు లేని బృందగానమే. స్వరమైనా, మృదంగమైనా అన్నీ నోటితోనే పలికిస్తారు. ఆ మాట మాస్టారికి నమ్మశక్యంగా అనిపించలేదు. శిబిరం మొదలైన రోజే తనిఖీకి వచ్చి, పాట ఎత్తుకోవడానికి మృదుల తెచ్చుకున్న చిన్న శ్రుతి పెట్టెను వాద్యాల కింద జమకట్టి ఇంటికి పట్టుకుపోయారు. ఫోన్లో శ్రుతి పెట్టుకుంటామంటే అదీ కుదరదన్నారు. మరునాటికి గోడమీద "వాద్యములు నిషేధం" అని బోర్డు వెలిసింది.

ఇప్పుడు వినిపిస్తున్నది ఏదో ఒక హార్మోనియం కాదు. పద్మగారిదే. దాని గాలితిత్తికి ఎక్కడో సన్నని చిల్లి ఉంది. స్వరం సాగుతుంటే మధ్యమధ్య చిన్న నిట్టూర్పు విడిచేది. పెళ్ళైన నాటి నుంచీ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఆయన విన్న నిట్టూర్పు అది. ఇంకే హార్మోనియానికీ ఆ జబ్బు అదే చోట ఉండదు.

ఆయన హాలు తలుపు తోయగానే అంతా నిశ్శబ్దం. పిల్లలు నోళ్ళు బిగించుకుని ఆయన్నే చూస్తున్నారు. సెక్రటరీగారు వస్తే పాట ఆపేయమని చెప్పింది మృదులే. శ్రుతి పెట్టె పోయినట్టే హాలు కూడా పోతుందేమోనని ఆమె భయం. మాస్టారికి ఆ సంగతి తెలియదు. ఆయన అనుభవంలో, తాను అడుగుపెట్టగానే నిశ్శబ్దమైపోయిన తరగతి ఏదీ నిర్దోషి కాదు.

"హార్మోనియం ఎవరు వాయించారు?"

"ఎవరూ వాయించలేదు సార్," అంది మృదుల. "మా దగ్గర ఏం లేదు. ఉన్న ఒక్క శ్రుతి పెట్టె మీ ఇంట్లనే ఉంది."

బీరువాకు తాళం వేసినట్టే ఉంది. దాంతో ఆయన అనుమానం తగ్గలేదు. తాళం తీసి, పని కానిచ్చి, మళ్ళీ వేసేంత తెలివైనవాళ్ళన్నమాట అనుకున్నారు.

బేగం బజార్లో ఆయన చింతపండు మాట మరిచిపోయి, గోదాములకు వేసే రకం పెద్ద తాళం కొనుక్కొచ్చారు. దాన్ని బీరువాకు వేసి, తాళంచెవిని ఎవరూ ఊహించలేని చోట దాచారు. మరునాడు మొక్కలకు నీళ్ళు పోసి బకెట్ కింద పెట్టేసరికి మళ్ళీ అదే స్వరం, అదే నిట్టూర్పు.

ఈసారి అనుమానం వాచ్‌మన్ అంజయ్య మీదికి మళ్ళింది. మారు తాళంచెవి చేయించి ఇచ్చావా అని అడిగితే అంజయ్య నొచ్చుకున్నాడు. తన మాట నిలబెట్టుకోవడానికి స్టూలు తెచ్చుకుని, బీరువాకు వీపు ఆనించి ఆ పూటంతా కూర్చున్నాడు. మధ్యాహ్నం వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు.

"సారూ, అంత నోటితోనే చేస్తున్నరు. ఆ రవికిరణ్ సార్ నోట్లకెల్లి మద్దెల వస్తుంది. నేను జర దగ్గరికి పోయి చూసిన. లోపట ఏం లేదు."

"హార్మోనియం సంగతి?"

"అది గూడ పిల్లల నోట్లకెల్లే."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నీకు వాళ్ళేమైనా ఇచ్చారా అంజయ్యా?"

"నిమ్మకాయ షర్బత్ ఇచ్చిన్రు."

మాస్టారు తల పంకించారు. సాక్షిని షర్బత్‌తో కొనేశారు.

మనుషుల మీద నమ్మకం పోయాక ఆయన ఆధారాల మీద పడ్డారు. ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక, బీరువా తెరిస్తే తెలియాలని రెండు పిడులకూ కలిపి దారం కట్టారు. ఇంట్లో దొరికింది పద్మగారి పూజసామానులోని ఎర్రదారం. దగ్గరికి వచ్చినవాళ్ళ అడుగులు పడాలని బీరువా ముందు బియ్యప్పిండి చల్లారు. తెల్లటి గచ్చు మీద తెల్లటి పిండి కంటికి ఆనకపోతే అందులో పసుపు కలిపారు. పిండికి చీమలు పట్టకుండా నాలుగు మూలలా నిమ్మచెక్కలు పెట్టారు. దేని కారణం దానికి ఉంది. ఆయన తృప్తిగా దీపం ఆర్పి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున తలుపు తీసిన పిల్లలకు మాత్రం ఆ కారణాలేవీ కనబడలేదు. పెద్ద తాళం వేసి, ఎర్రదారం చుట్టి, పసుపు పిండి చల్లి, నిమ్మచెక్కలు పెట్టిన బీరువా కనబడింది.

మేఘన అనే అమ్మాయి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. మరుసటి ఉదయం ఆమె తండ్రి ప్రసన్నకుమార్ తక్కిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన నాంపల్లి కోర్టులో గుమస్తా. తెలియని విషయాన్ని నెమ్మదిగా అడగడం ఆయన వృత్తి.

"ఏంది సార్ గిది? ఆ బీరువాల ఏం పెట్టిన్రు?"

"అది నా సొంత విషయం," అన్నారు మాస్టారు.

ఆ జవాబు ప్రసన్నకుమార్ కోర్టులో చాలాసార్లు విన్నాడు. అది చెప్పినవాళ్ళు తర్వాత ఏమయ్యారో కూడా చూశాడు.

"సొంత విషయమైతే ఇంట్ల పెట్టుకోవాలె గదా సార్. పిల్లలున్న కాడ దారం గట్టి, పసుపు జల్లి, నిమ్మకాయలు గోసి పెట్టిన్రు. ఏమన్న మంత్రాలు చేస్తున్నరా?"

"నిమ్మకాయలు చీమల కోసం. పసుపు అడుగుల కోసం."

"ఎవరి అడుగులు?"

మాస్టారు చెప్పబోయి, చెబితే ఎలా వినిపిస్తుందో ఊహించుకుని ఆగిపోయారు. అలా ఆగడమే కొంప ముంచింది. వెనకనున్న ఒకావిడ తన కొడుకును భుజం పట్టి దగ్గరకు లాక్కుంది. పొద్దున పూట ఆ హాల్లో నిట్టూర్పులు వినబడుతుంటాయని తమవాడు చెప్పాడని ఇంకొకాయన గుర్తు చేశాడు. అందరూ బీరువా నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు.

ఆ నిట్టూర్పు మాట వినగానే మాస్టారికి బలం వచ్చింది. తానొక్కరే విన్నది కాదన్నమాట. బీరువా అందరి ముందూ తెరుద్దామన్నారు. అందులో ఉన్నది తన భార్య హార్మోనియమని, దాని మీద దుమ్ము చెదిరి ఉంటే శిబిరం ఈ పూటే ఖాళీ చేయాలని చెప్పారు. మృదుల మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. ఆదివారమే పిల్లల కార్యక్రమం. ఆబిడ్స్‌లోగాని, గన్‌ఫౌండ్రీలోగాని ఇంకొక హాలు ఆమె తాహతుకు అందదు. వేసవంతా నేర్చుకున్న పాట పిల్లలు ఎవరికీ వినిపించకుండానే ఇళ్ళకు పోవాలి. అయినా ఒప్పుకుంది.

తీరా చూస్తే తాళంచెవి లేదు. ఎవరూ ఊహించలేని చోట దాచారు కాబట్టి మాస్టారూ ఊహించలేకపోయారు. ఆయన ఇల్లంతా వెతికి చెమటతో తిరిగొచ్చేసరికి, అంజయ్య ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తాళాలు తీసే మల్లేష్‌ను బండి మీద ఎక్కించుకొచ్చాడు. మల్లేష్ గడపలోంచి పసుపునూ నిమ్మచెక్కలనూ చూసి చెప్పులు విప్పకుండానే ఆగిపోయాడు.

"సార్, నేను తాళాలు తీస్త. గిసొంటియి తియ్య."

అంజయ్య పిండి ఊడ్చేశాడు. మృదుల దారం కత్తిరించింది. అప్పుడు మల్లేష్ లోపలికి వచ్చి, ఎందుకైనా మంచిదని కళ్ళు మూసుకుని తాళం తీసి, పక్కకు తప్పుకున్నాడు.

లోపల పద్మగారి పాత నేతచీర చుట్టిన హార్మోనియం ఉంది. దాని మీద దుమ్ము ఒక్కచోట కూడా చెదరలేదు. ఇంకేదో చూస్తామని వచ్చినవాళ్ళు కాస్త నిరుత్సాహపడ్డారు. మాస్టారికి మాత్రం దుమ్ము చాలలేదు. ఆయన కింద కూర్చుని, దాన్ని ఒళ్ళోకి తీసుకున్నట్టు దగ్గరికి లాక్కుని, చీర విప్పి, ఎడమచేత్తో తిత్తి కదిపి ఒక మెట్టు నొక్కారు.

ఏమీ పలకలేదు.

పక్క మెట్టు నొక్కారు. అదీ పలకలేదు. వెనక్కి తిప్పి చూస్తే, బీరువా అడుగున తుప్పు తిన్న కంతలోంచి దూరిన ఎలుకలు తిత్తి తోలును ఎప్పుడో తినేశాయి. ఇక స్వరమూ లేదు, నిట్టూర్పూ లేదు.

"మరి రోజూ నాకు వినిపించింది?" అన్నారు మాస్టారు. ఎవరినీ అడిగినట్టు లేదు.

పిల్లలు మృదుల వైపు చూశారు. మృదుల నేల చూసింది. చివరికి మేఘన అంది: "అది మీదే తాతా."

"నాదా?"

"మొక్కలకు నీళ్ళు పోసుకుంట రోజు రాగం తీస్తరు గదా. మా శ్రుతి పెట్టె మీరు తీస్కపోయిన్రు. అందుకే మేడమ్ మీ గొంతు పట్టుకోమన్నది. మీ శ్రుతి అస్సలు కదలదంట."

"ఆ నిట్టూర్పు?"

"అది గూడ మీరే తీస్తరు. పాటల ఉన్నదేమో అనుకున్నం. మస్తు కష్టపడి నేర్చుకున్నం."

తాను జన్మలో పాడలేదని మాస్టారు చెప్పారు. పాడేది పద్మ అని, తనకు స్వరం అంటే ఏమిటో కూడా తెలియదని చెప్పారు. ఆయన పంచె చెంగుతో హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే తుడవసాగారు. ఏం చేయాలో తోచనప్పుడు ఆయన ఏదో ఒకటి తుడుస్తారు. నాలుగో మెట్టుకు వచ్చేసరికి ఆయన గొంతులోంచి సన్నగా ఒక స్వరం బయల్దేరింది. కొంత సాగి, ఒకచోట నిట్టూర్చి, మళ్ళీ సాగింది. ఆయనకు తెలియలేదు.

మృదుల మెల్లగా చెయ్యెత్తింది. పిల్లలు ఆ స్వరాన్ని అందుకున్నారు. నిట్టూర్పు వచ్చే చోట అందరూ కలిసి నిట్టూర్చారు.

జగన్మోహనరావుగారు తలెత్తి, హార్మోనియం ఎవరు వాయిస్తున్నారా అని చుట్టూ చూశారు. ఈసారి ఎవరినీ ఆపమనలేదు. ప్రసన్నకుమార్ కర్చీఫ్ తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. మల్లేష్ మాత్రం తన కూలీ ఎవరిస్తారని అంజయ్యను చెవిలో అడిగాడు.

ఆదివారం కార్యక్రమానికి ముందు మాస్టారు శ్రుతి పెట్టెను తుడిచి తెచ్చిచ్చారు. మృదుల దాన్ని సంచీలో వేసుకుని, పిల్లల పక్కన ఆయనకొక కుర్చీ వేయించింది. "వాద్యములు నిషేధం" అన్న బోర్డు ఇప్పటికీ ఆ గోడమీదే ఉంది. దాని కింద లెక్కల మాస్టారి గుండ్రటి దస్తూరీలో రెండు మాటలు మాత్రం కొత్తగా చేరాయి: "సెక్రటరీ మినహా."