దాత దిగిన వెనక మెట్లు

ఒక పెద్ద అడవిలో, జంతువుల కంటే సంఘాలు ఎక్కువైన రోజుల్లో, ఒక విశ్వవిద్యాలయం ఉండేది. అక్కడ పరీక్ష ఫీజు కుండెడు తేనె. కట్టినవాళ్ళకే హాల్ టికెట్టు.

ఎలుగుబంటి సూరయ్య చదువుకోలేదు. కొడుకుని బడికి పంపలేకపోయానని వాళ్ళమ్మ చివరిదాకా బాధపడింది. ఆవిడ పేరు మీద ఎవరినైనా చదివిద్దామని అతను ఒక కుండ నింపి, ఆరు నెలలు మూత తీయకుండా దాచాడు. ఎలుగుబంటికి అది చిన్న విషయం కాదు.

కుండ మోసుకొచ్చేసరికి గేటు దగ్గరే నక్క జంబుకేశం ఎదురయ్యాడు. ఆయన దాతల సన్మాన సంఘానికి శాశ్వత కార్యదర్శి. ఇది ఎక్కడ ఇవ్వాలని సూరయ్య అడిగాడు.

"ఇవ్వడానికేముంది అన్నగారూ, ఎవరైనా ఇస్తారు. ఇచ్చినట్టు నలుగురికీ తెలియొద్దా?" అన్నాడు జంబుకేశం.

సభ ఖాయమైంది. పందిరి, అయిదు శాలువాలు, నిలువెత్తు తాటాకు చెక్కు సిద్ధమయ్యాయి. ఫ్లెక్సీలో సూరయ్య బొమ్మ కంటే జంబుకేశం బొమ్మే కాస్త పెద్దదిగా వచ్చింది. ముఖ్య అతిథి సింహం. ఉపకారవేతనం అందుకునేది ఉడుత వల్లిక. వృక్షశాస్త్రం రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లకు చెట్ల గురించి తెలియనిది లేదు. తేనె మాత్రం లేదు.

సభ ఉదయం తొమ్మిదికి. ఫీజు కౌంటరు ఆ రోజే పదింటికి మూసేస్తారు. పదిన్నరకు పరీక్ష. వల్లిక ఆ మాట చెబితే, గంట టైముంది కదమ్మా అని జంబుకేశం ధైర్యం చెప్పాడు. సింహం టైముకు వచ్చిన సభ ఆ అడవిలో ఎవరూ ఎరగరు.

తొమ్మిదిన్నర అయింది. సింహంగారు బయల్దేరారని జంబుకేశం మైకులో ప్రకటించాడు. పావు తక్కువ పదికి మళ్ళీ అదే ప్రకటించాడు. వేదిక మీద వల్లిక ఒళ్ళో పుస్తకం ఉంది, చూపు ఎండ మీద ఉంది. పక్క కుర్చీలో సూరయ్య కుండని పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు.

"మావయ్యా, అది ఇప్పుడే నా చేతికివ్వకూడదా?" అంది వల్లిక మెల్లగా.

సూరయ్య జంబుకేశం వైపు చూశాడు.

"ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇవ్వాలి, ఫొటో ఉంది. పరీక్షదేముంది, మళ్ళీ ఏడాది వస్తుంది. సింహంగారు వస్తారా?" అన్నాడు జంబుకేశం, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

జంబుకేశం సభికుల వైపు తిరగగానే సూరయ్య కుండ ఒక చంకలో, ఉడుతను రెండో చంకలో పెట్టుకుని వేదిక వెనక మెట్లు దిగిపోయాడు.

కౌంటరులో కొంగ గుమాస్తా అప్పటికే తలుపు సగం మూశాడు. కుండ చూసి రసీదు పుస్తకం తీశాడు.

"దాత పేరు రాయడానికి ఇందులో గడి లేదండీ" అన్నాడు ఇబ్బందిగా.

"చదివే పిల్ల పేరుకుందా?"

"ఉంది."

"చాలు, కానియ్."

వల్లిక హాల్ టికెట్టు నోట కరుచుకుని పరీక్షకు పరుగెత్తింది.

సింహం పదకొండున్నరకు వేంచేసింది. వేదిక మీద దాత లేడు, విద్యార్థి లేదు. దాతకు ఒంట్లో బాగాలేదని జంబుకేశం సర్దాడు. విద్యార్థి లేకపోతే మాత్రం ఫొటో లేదు. గత్యంతరం లేక తనే తోక ముడుచుకుని, పేద విద్యార్థిలా కుర్చీలో కూర్చున్నాడు.

సింహం తాటాకు చెక్కు అందించి, ఏం చదువుతున్నావని ఆప్యాయంగా అడిగింది. వృక్షశాస్త్రం అని నక్క గొణిగాడు.

"ఈ వయసులోనా! శభాష్. నీ హాజరు నెలనెలా నేనే చూస్తాను" అంది సింహం. సభ చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు జంబుకేశం రోజూ ముందు బల్ల మీద కూర్చుంటున్నాడు. అర్థం కాని చోట వల్లిక నోట్సు ఇస్తోంది. సూరయ్య రెండో కుండ నింపుతున్నాడు.

నీతి: చదువుకు దానం చేయదలచినవారు వేదిక వెనక మెట్లు ఎటున్నాయో ముందే చూసి పెట్టుకోవాలి.